ఎవరిదండీ గారి దగ్గు

ఆయన ఏ వస్తువునీ అది ఎవరిదో తెలుసుకోకుండా ముట్టుకోరు. ఆయన గురించి చెప్పాల్సింది ఇంతే. మిగతాదంతా దీనికి వ్యాఖ్యానం. కుర్చీ లాగాలన్నా, కిటికీ మూయాలన్నా, నేల మీద పడున్న గుండుసూదిని తీసి డబ్బాలో వెయ్యాలన్నా ముందు నడుం కాస్త వంచి, హాలు ఆ చివరికి కూడా వినబడేట్టు "ఇది ఎవరిదండీ?" అంటారు. జవాబు వచ్చేదాకా చాచిన చెయ్యి గాల్లోనే ఉంటుంది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఆయనకి ఉండే ఉంటుంది గానీ, అది జీతాలిచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆఫీసులో అందరికీ ఆయన 'ఎవరిదండీ గారు'.

ఆఫీసంటే మరీ పెద్దదేం కాదు. చూపులేని పిల్లల కోసం బ్రెయిలీ పాఠ్యపుస్తకాలు అచ్చు వేసే చోటు. ఒక పొడుగాటి హాలు, గోడ వారన కాగితాల బొత్తులు, హాలు చివర చుక్కలు గుద్దే యంత్రం. అది పనిలో దిగిందంటే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టే. పుస్తకాన్ని చుక్కల్లోకి మార్చే కంప్యూటర్లన్నీ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తాయి. వాటి ఆలనాపాలనా ఎవరిదండీ గారి వంతు.

ఆయన మీద ఉన్న కథలకి లెక్కలేదు. ఒకరోజు హాల్లో ఫోను మోగుతోంది. ఎవరూ తియ్యరు. ఈయన లేచి బల్ల బల్ల దగ్గరికీ వెళ్లి "ఈ ఫోను ఎవరిదండీ?" అని అడుగుతూ తిరుగుతున్నారు. విచిత్రమేమిటంటే ఆయన ఎక్కడికి వెళితే మోత అక్కడికే వస్తోంది. చివరికి ఎవరో జాలిపడి "సార్, మీ జేబు" అన్నారు. ఇంకోరోజు ఎవరో తుమ్మితే "ఎవరిదండీ ఆ తుమ్ము?" అన్నారని కూడా చెప్పుకుంటారు. అది మాత్రం కల్పన అయ్యుండొచ్చు.

గొడుగు కథ మాత్రం అచ్చమైన నిజం. ఒక సాయంత్రం వాన దంచేస్తోంది. తలుపు పక్కనున్న కొక్కేనికి గొడుగొకటి వేలాడుతోంది. "ఈ గొడుగు ఎవరిదండీ?" అన్నారు ఈయన. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగారు. ఊహూఁ. "ఎవరిదీ కాదన్నమాట. అయితే అవసరమైనవాళ్లు తీసుకెళ్లండి" అని ప్రకటించి, తను ముద్దగా తడుస్తూ ఇంటికి పోయారు. గుమ్మంలో భార్య ఎదురైంది.

"పొద్దున నా చేత్తో ఇచ్చిన గొడుగేదండీ?"

"ఆఫీసులో ఉంది."

"మరి తెచ్చుకోలేదేం?"

"ఎవరిదో తెలియలేదే."

మర్నాడు ఆవిడే ఆఫీసుకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. "ఇదొక వింతా? ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి 'ఈ పాలు ఎవరివి' అని అడిగే మనిషితో కాపురం చేస్తున్నాను" అని కూడా అంది. హాలు హాలంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. ఆయన పుణ్యమా అని ఆ జబ్బు అందరికీ అంటుకుంది కూడా. నేల తుడిచే ఆవిడ సైతం బల్ల కింది చెప్పులు జరపాలంటే "ఇవెవరివండీ?" అని ఒక కేక పెట్టందే జరపదు.

అలాంటి హాల్లోకి వచ్చి పడింది కొత్తమ్మాయి. పుస్తకాలని చుక్కల్లోకి మార్చే పని ఆమెది. అంతకుముందు చేరిన ఉద్యోగాలు రెండూ పర్మనెంటు కాకుండానే పోయాయి. ఇదీ పోతే పెద్దనాన్నగారి టైల్స్ కొట్లో కౌంటరు వెనక కుర్చీ సిద్ధంగా ఉంది. ఆయన ఫోన్ చేసినప్పుడల్లా "ఆ కంప్యూటర్లు మనకి అచ్చిరావు తల్లీ, కుర్చీకి కొత్త దిండు కూడా వేయించాను" అంటుంటారు. ఆ దిండు తలుచుకుంటే చాలు, ఆమెకి చెమటలు పట్టేవి.

చేరిన రోజునే ఎవరిదండీ గారు ఆమెని కూర్చోబెట్టి పాఠం చెప్పారు.

"ఇదిగో అమ్మాయ్, లినక్స్‌లో ప్రతి ఫైలుకీ ఒక సొంతదారు ఉంటాడు. వాడి వెనక మనవాళ్లు అని ఒక గుంపు ఉంటుంది. ఆ తర్వాత ఊళ్లోవాళ్లు. నాదీ, మనదీ, అందరిదీ. ఈ మూడూ కలిపేసి కలగాపులగం చేశావా, కొంప మునుగుతుంది. వీళ్లందరి పైనా రూట్ అని ఒక పెద్దాయన ఉంటాడు. ఆయనకి అడ్డులేదు. ఎప్పుడైనా ఆయన పేరు మీద పని చెయ్యాలంటే ముందు సుడో అని కొట్టాలి. నీకూ ఆ హక్కు ఇస్తున్నాను. కాకపోతే అది కొట్టేముందు ఒక దగ్గు దగ్గాలి."

"దగ్గాలా సార్?"

"పెద్దవాళ్ల గదిలోకి వెళ్లేముందు గుమ్మంలో దగ్గమూ? ఇదీ అంతే."

నిజంగానే ఆయన సుడో కొట్టిన ప్రతిసారీ గొంతు సవరించుకుని "ఖళ్" మనేవారు. ఆ దగ్గు వినబడగానే హాల్లో ఎవరో ఒకరు "పెద్దాయన గదిలోకి వెళ్తున్నారు" అని నవ్వేవారు. కొత్తమ్మాయి కూడా నవ్వింది. నవ్వి, ఆ దగ్గు సంగతి మర్చిపోయింది.

ఆమె ప్రొబేషన్ గడువు ముగిసే వారంలో లెక్కల పుస్తకం వచ్చింది. బళ్లు తెరవబోతున్నారు. ఆ సాయంత్రం వ్యానులో పుస్తకాలు బయల్దేరి తీరాలి. ప్రతులు గుద్దడానికి ఎలా లేదన్నా పూట పడుతుంది. పొద్దున్నే మేనేజరమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఇంకా మొదలవలేదేం?"

"మేడం, మన దగ్గరున్న ప్రోగ్రాం పాతది. ఈ పుస్తకంలోని కొత్త గుర్తులు దానికి తెలియవు. కొత్తది కావాలి. అది రావాలంటే ముందు ఒక ప్యాకేజీ మేనేజర్‌ని పెట్టుకోవాలి."

"మేనేజర్నా? నేను ఉండగానా? ఎవరి సిఫార్సు?"

"మనిషి కాదు మేడం, అదీ ప్రోగ్రామే. మనకి కావలసిన ప్రోగ్రాంలన్నీ తనే వెతికి తెచ్చి, విప్పి, సర్దిపెడుతుంది."

"జీతం?"

"అక్కర్లేదు మేడం."

"అయితే ఆలోచిస్తావేం? వెంటనే పెట్టు" అని మేనేజరమ్మ తన గదిలోకి వెళ్లిపోయింది.

పెట్టబోతే మేనేజర్ మొరాయించింది. మామూలుగా నడిపితే 'ఈ ఫోల్డరులో రాయడానికి నీకు పర్మిషన్ లేదు' అంటుంది. సరే కదా అని సుడో పెట్టి నడిపితే 'రూట్ పేరు మీద నన్ను నడపొద్దు, ప్రమాదం' అంటుంది. సుడో ఉంటే ఒక తంటా, లేకపోతే ఇంకో తంటా. ఎవరిదండీ గారిని పిలుద్దామా అని చూస్తే, ఆయన హాలు ఆ చివర ఒక పెన్ను మూత పట్టుకుని "ఇది ఎవరిదండీ?" అని తిరుగుతున్నారు. ఆ మూతకి సొంతదారు దొరికేలోపు పొద్దుగూకుతుందని భయపడి, కొత్తమ్మాయి ఇంటర్నెట్లో వెతికింది. ఎవరో పుణ్యాత్ముడు విరుగుడు రాసి పెట్టాడు. యూఎస్ఆర్ అనే పెద్ద ఫోల్డరు లోపల లోకల్ అనే చిన్న ఫోల్డరు ఉంటుంది, దాన్ని నీ పేరు మీదికి మార్చుకుంటే సరిపోతుందని.

ఆమె సుడో కొట్టింది. దగ్గలేదు. కంగారులో యూఎస్ఆర్‌కీ లోకల్‌కీ నడుమ వేలు జారి ఒక ఖాళీ పడింది. ఎంటర్ నొక్కింది.

కంప్యూటరు చాలాసేపు గుంభనంగా ఉండిపోయింది. పని జరుగుతోందని ఈమె సంబరపడింది. పని జరుగుతున్న మాట నిజమే. లోకల్ అనే చిన్న గది ఒక్కటీ తన పేరు మీదికి రావలసింది పోయి, ఆ ఖాళీ మూలంగా యంత్రంలోని పనిముట్లన్నీ ఉండే యూఎస్ఆర్ అనే మహాభవనం యావత్తూ ఆమె పేరు మీదికి వచ్చేస్తోంది. అంతా అయ్యాక యంత్రం ఒకే ఒక్క మాట అంది. 'లోకల్ అనేది ఎక్కడా లేదు.'

లేకపోవడమేమిటని ఆమె మళ్లీ సుడో కొట్టింది. 'సుడో అనే నేను రూట్ సొత్తుగా ఉండాలి. లేను. కాబట్టి పనిచెయ్యను' అని వచ్చింది జవాబు. ఇల్లంతా సొంతమైపోయింది, తాళంచెవి మాత్రం పోయింది. ఆమె తను కొట్టిన వరుసని అక్షరం అక్షరం చదువుకుంటూ వెళ్లి, ఆ ఖాళీ దగ్గర ఆగింది. కళ్ల ముందు కొత్త దిండు వేసిన కుర్చీ కనబడింది.

పక్క బల్ల దగ్గర ప్రూఫు అక్కయ్య కూర్చుంటుంది. ఆవిడకి చూపు లేదు. అచ్చయిన కాగితాల మీద వేళ్లు పరిగెత్తిస్తూ తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం.

"ఏమే పిల్లా, ఇందాకటిదాకా కీబోర్డు టకటకలాడింది. ఇప్పుడు ఊపిరి కూడా వినబడటం లేదు" అంది.

"అక్కయ్యా, కొంప మునిగింది. ఖాళీ ఒకటి ఎక్కువ కొట్టాను."

"ఎక్కడ?"

ఆమె చెప్పింది. ప్రూఫు అక్కయ్య వేళ్లు కాగితం మీద ఆగిపోయాయి. తర్వాత ఆవిడ హాలు మారుమోగేలా కేకేసింది. "అన్నయ్యగారూ! ఆ మూత ఎవరిదైనా ఇక్కడ పెట్టి ఇలా రండి!"

ఎవరిదండీ గారు వచ్చారు. వచ్చి, కొత్తమ్మాయి కీబోర్డు మీద చెయ్యి చాచి, ఆపి, "ఇది ఎవరిదండీ?" అన్నారు.

"నాదే సార్, తీసుకోండి సార్" అందామె ఏడుపు గొంతుతో.

ఆయన ఏ ఫైలు ఎవరిదో తెరమీద చూపించమని యంత్రాన్ని అడిగారు. వరసలు వరసలుగా పేర్లు దిగాయి. ఆయన కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటీ చదివారు.

"ఇదెవరిదీ? నీది. ఇది? నీదే. ఇదీ నీదే. అదీ నీదే." తలతిప్పి ఆమె వైపు చూశారు. "అమ్మాయ్, ఒక్క పూటలో ఇంత ఆస్తి ఎలా కూడబెట్టావ్?"

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "బాగుపడుతుందా సార్?"

"సొంతదారులు ఎక్కడికీ పోలేదు కదా, పేర్లే మారాయి. ఎవరివి వాళ్లకి అప్పజెబితే సరి. కాకపోతే అన్నీ రూట్‌వే అనుకోకూడదు. అక్కడక్కడ వేరేవాళ్లవీ ఉంటాయి. కొన్నిటికి ప్రత్యేకమైన ముద్రలుంటాయి. సొంతదారు మారితే ఆ ముద్రలు రాలిపోతాయి. వాటిని నోటిలెక్కన పెట్టలేం. ఎవరినైనా అడగాలి."

"ఎవరిని సార్?"

"దీని కవలని."

ప్రూఫు అక్కయ్య బల్ల మీది కంప్యూటరు దీనితో పాటే కొన్నది. రెండిట్లోనూ ఒకటే లినక్స్, ఒకటే సరంజామా. ఎవరిదండీ గారు దాని ముందు నిలబడి, "అమ్మా, ఇది మీదే కదా? కాసేపు కూర్చోవచ్చా?" అని అడిగారు.

"కొంప మునుగుతుంటే పర్మిషన్లేమిటండీ, కూర్చోండి!"

ఆయన కూర్చున్నారు. 'ఖళ్' మని దగ్గారు. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. యూఎస్ఆర్‌లో ఏది ఎవరిది, దేనిమీద ఏ ముద్ర ఉంది అని ఆ కంప్యూటర్ని అడిగి, అది చెప్పినదంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించారు. తర్వాత కొత్తమ్మాయి కంప్యూటర్ని ఆపి, మరమ్మతుల కోసం ఉండే ప్రత్యేక పద్ధతిలో లేపారు. అందులో లేస్తే సుడో అక్కర్లేదు, తన దగ్గరున్న పాస్‌వర్డుతో రూట్‌గానే నేరుగా లోపలికి వెళ్లొచ్చు. వెళ్లేముందు ఇంకాస్త పెద్ద దగ్గు దగ్గారు. పెన్‌డ్రైవు గుచ్చి, దాని ప్రకారం ఎవరి సొత్తు వాళ్లకి తిరిగి ఇచ్చేయమని చెప్పారు.

అది సర్దుకుంటున్నంతసేపూ కొత్తమ్మాయి గోళ్లు కొరుక్కుంటూనే ఉంది. కంప్యూటరు మళ్లీ మామూలుగా లేచింది.

"కొట్టు" అన్నారాయన.

"సుడోనా సార్?"

"ముందు అది కాదు."

ఆమెకి అర్థమైంది. గొంతు సవరించుకుని, బుద్ధిగా, 'ఖళ్' మని దగ్గింది. సుడో కొట్టింది. పాస్‌వర్డ్ అడిగింది. ఇచ్చింది. ఏ పేచీ లేకుండా తలుపు తెరుచుకుంది. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఇప్పుడు నీ మేనేజర్ సంగతి చూద్దాం" అన్నారు ఎవరిదండీ గారు. "అది అడిగేది న్యాయమే. తనుండటానికి ఒక గది కావాలంటోంది. ఆ గది దాన్ని నడిపేవాళ్ల సొంతమై ఉండాలంటోంది. పెద్దాయన గదిలో కూర్చుని పెత్తనం చెయ్యను మొర్రో అంటోంది. అలాంటివాళ్లు దొరకడమే అరుదు."

సుడోతో ఖాళీ ఫోల్డరు ఒకటి కొత్తగా తయారుచేయించారు. ఆ ఒక్క ఫోల్డరునీ ఆమె పేరు మీదికి మార్పించారు. ఎంటర్ నొక్కేముందు ప్రూఫు అక్కయ్య "చదివి వినిపించు" అంది. ఆమె చదివింది. "ఖాళీలు సరిగ్గా ఉన్నాయి, నొక్కు" అంది అక్కయ్య. నొక్కింది. ఈసారి సుడో లేకుండా ప్యాకేజీ మేనేజర్ని పిలిస్తే, అది కిక్కురుమనకుండా వచ్చి తన గదిలో కూర్చుంది. కొత్త ప్రోగ్రాం తెమ్మంటే తెచ్చి సర్దింది. మధ్యాహ్నానికి హాలు చివర వడగళ్ల వాన మొదలైంది. ఆ చప్పుడు అంత తియ్యగా ఉంటుందని కొత్తమ్మాయికి అంతకుముందు తెలియదు.

సాయంత్రం ఆఖరి పెట్టె వ్యానెక్కాక మేనేజరమ్మ హాల్లోకి వచ్చింది. "పుస్తకాలు వెళ్లాయి, సంతోషం. కానీ పొద్దుటి పూటంతా యంత్రం ఎందుకు ఆగింది?" అని ఎవరిదండీ గారి వైపు తిరిగింది. "మీరు ప్రతిదానికీ ఎవరిదని అడుగుతారు కదా. ఈ నిర్వాకం ఎవరిదో అడిగారా?"

కొత్తమ్మాయి మౌస్‌ని గట్టిగా పట్టుకుంది.

"అడిగానండీ" అన్నారాయన వినయంగా. "యంత్రాన్నే అడిగాను. అంతా రూట్‌దే అంటోంది. కావాలంటే చూడండి, ఇదీ రూట్‌దే, అదీ రూట్‌దే."

"రూటెవరు?"

"పెద్దాయనండీ. కనబడరు."

"నాకు చెప్పకుండా ఈ ఆఫీసులో ఎంతమందిని పెట్టారండీ! పొద్దున ఒక మేనేజరూ, ఇప్పుడొక రూటూ!"

కొత్తమ్మాయి ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడి, చేతిలో మౌస్ ఉందన్న సంగతి కూడా మర్చిపోయి, "మేడం, అది నాది. ఖాళీ ఒకటి ఎక్కువ కొట్టాను. సార్ సరిచేశారు" అనేసింది.

మేనేజరమ్మ ఆమె వైపు చూసింది. ప్రూఫు అక్కయ్య చటుక్కున అందుకుంది. "మేడం, ఆ ఖాళీని తనే వెతికి పట్టుకుంది. మేమెవరం చెప్పలేదు. ఇక్కడ మేమంతా జీతాలు తీసుకునేది ఖాళీలు పట్టుకున్నందుకే కదా. ఈ పిల్లని పంపేస్తే ఇంకోళ్లని మొదట్నుంచీ తయారుచెయ్యాలి."

"పంపేస్తానని నేనెప్పుడన్నాను?" అంది మేనేజరమ్మ చిరాగ్గా. "పర్మనెంటు కాగితం మీద పొద్దుటే సంతకం పెట్టాను. జీతం లేకుండా మేనేజర్ని తెచ్చే పిల్లని ఎవరైనా వదులుకుంటారా?"

కొత్తమ్మాయి మౌస్‌తోనే దణ్ణం పెట్టింది.

అందరూ సర్దుకుంటుండగా బయట నిజం వాన అందుకుంది. ప్రూఫు అక్కయ్య తన చేతికర్రని కొక్కెం నుంచి తడుముకోకుండా తీసుకుంది. కొత్తమ్మాయి అది చూస్తూ, "అక్కయ్యా, మీరు ఏ వస్తువు కోసమూ వెతుక్కోరు, భలే" అంది.

"ఎందుకు వెతుక్కోవాలే? పెట్టినచోటే ఉంటాయి. నేను చేరిన కొత్తలో అలా ఉండేది కాదు. అందరూ మంచివాళ్లే. సాయం చేద్దామని కుర్చీ జరిపేవారు, గ్లాసు పక్కన పెట్టేవారు, కర్ర తీసి మూల నిలబెట్టేవారు. నాకు రోజంతా తడుముకోవడమే పని. నోరు తెరిచి చెప్పాలంటే నామోషీ. అప్పుడు అన్నయ్యగారు ఈ పాట అందుకున్నారు. గుండుసూది ముట్టుకోవాలన్నా ఊరంతా వినబడేలా కేక. వారం తిరిగేసరికి అందరికీ అలవాటైంది. పైగా ఏది ఎక్కడుందో ఆయన అరుపుల్ని బట్టి నాకు తెలిసిపోతుంది."

"మరి ఆ గొడుగు?"

ప్రూఫు అక్కయ్య నవ్వింది. "ఆ రోజు నాకు గొడుగు లేదు. ఇస్తే నేను తీసుకోనని ఆయనకి తెలుసు. ఎవరిదీ కాదన్నారు కాబట్టి తెచ్చుకున్నాను. సగం దారిలో పిడి తడిమితే ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. వైర్లకి చుట్టే టేపు గొడుగు పిడికి చుట్టుకునే మనిషి ఈ ఆఫీసులో ఇంకెవరే? తెలిసినట్టు చెప్పొద్దు, పాపం సిగ్గుపడతారు."

అప్పుడే తలుపు దగ్గర్నుంచి కేక వినబడింది. "ఈ గొడుగు ఎవరిదండీ?"

కొత్తమ్మాయి తన చేతుల వైపు చూసుకుంది. ఆమె దగ్గరా ఆ రోజు గొడుగు లేదు. కొక్కేనికి వేలాడుతున్నదాని పిడికి నల్ల టేపు చుట్టి ఉంది. ఎవరిదండీ గారు అప్పుడే గుమ్మం దాటి, నెత్తిన రుమాలు కప్పుకుంటున్నారు. "ఎవరిదీ కాదా? అయితే అవసరమైనవాళ్లు..."

"ఉందండీ, సొంతదారు ఉన్నారు!" అని అరిచింది కొత్తమ్మాయి. గొడుగు తీసి విప్పింది. ఒక చేత్తో అక్కయ్యని పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరిది?" అన్నారాయన తెల్లబోయి.

"మనది సార్."

ఆయన గొడుగు వైపు చూశారు. దాని కింద ముగ్గురికి చోటుందో లేదోనని కూడా చూశారు. తర్వాత గొంతు సవరించుకుని 'ఖళ్' మని దగ్గి, గొడుగు కిందికి వచ్చారు.